సైకియాట్రిస్ట్ మన ఊరి దగ్గరా, ఎవరూ చూడని దూరానా?

చీరాల_చెల్లి:
మా అన్నయ్యకి 26 ఏళ్లు. నాలుగు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, ఉద్యోగం మానేశాడు. పక్కింటివాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారని పగలు కూడా కిటికీలు మూసేస్తున్నాడు. మేం ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లమన్నారు. ఒంగోలులో ఉన్నారు, రైల్లో గంట. నాన్న మాత్రం హైదరాబాదే అంటున్నారు. నాకు సంబంధాలు చూస్తున్నారు, ఒంగోలులో తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే ఇక అంతే అని ఆయన భయం. మీరైతే ఏం చేస్తారు?

గోదారి_గట్టు:
మీ నాన్నగారి మాట తీసిపారేయకమ్మా. మా పెదనాన్న కూతురి సంబంధం ఇలాగే ఆగిపోయింది. వాళ్ల తమ్ముడు సైకియాట్రిస్ట్ క్లినిక్ లోంచి బయటికి వస్తుంటే ఎవరో చూశారు. రెండు రోజుల్లో అబ్బాయివాళ్లకు తెలిసిపోయింది. తప్పు ఎవరిదైనా పెళ్లి ఆగింది మా పిల్లదే. హైదరాబాద్ వెళ్తే ఎవరికి ఎవరు తెలుసు?

తెనాలి_రాత్రిబండి:
నేను డిప్రెషన్‌కి మందులు వాడినదాన్ని. మావాళ్లూ అలాగే అనుకుని నన్ను హైదరాబాద్ తీసుకెళ్లారు. డాక్టరు గారు మంచివారే. రెండు వారాలకు రమ్మన్నారు, వెళ్లాం. తర్వాత నెలకు రమ్మన్నారు, నాన్నకు సెలవు దొరకలేదు. మందులు మొదలైన వారం కడుపులో ఒకటే తిప్పడం. అడుగుదామంటే ఆయన ఎక్కడో, మేమెక్కడో. మూడో నెల మాత్రలు అయిపోయాయి. "బాగానే ఉన్నావుగా" అన్నారు ఇంట్లో. ఆపేశాను. ఆరు వారాలు తిరక్కుండా మళ్లీ మంచం పట్టాను, ఈసారి ఇంకా ఘోరంగా.

ఇప్పుడు గుంటూరులో చూపించుకుంటున్నాను. మాత్ర పడకపోతే మర్నాడే బస్సెక్కి వెళ్లగలను. అక్కడ వెయిటింగ్ హాల్లో ఒకసారి మా స్కూలు టీచరు గారు కనిపించారు. ఇద్దరం తల ఊపుకున్నాం. ఆవిడ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

దగ్గర అంటే నా లెక్కలో ఇదే: ఇరవై సార్లు వెళ్లిరాగలిగేంత దూరం.

కొత్త_ఆకు:
అసలు మందులు లేకుండా కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టకూడదా? సైకియాట్రిస్ట్ అంటే మత్తు మాత్రలే కదా అని మా ఇంట్లో అంటారు.

పీజీ_మూడో_ఏడు:
సైకియాట్రీలో పీజీ చేస్తున్నాను. చెల్లెమ్మా, ఇక్కడ రాసినదాన్ని బట్టి జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు. కానీ నిద్ర లేకపోవడం, లేనిపోని అనుమానం, పని మానేయడం కలిసి వచ్చినప్పుడు ముందు సైకియాట్రిస్టే చూడాలి. వాళ్లు ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు ఎండీ చేసిన డాక్టర్లు. సైకాలజిస్టులు మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. చాలామందికి రెండూ కావాల్సి వస్తాయి.

మొదటిసారి ఎక్కువ భాగం మాటలే. ఎప్పుడు మొదలైంది, తిండి, నిద్ర, తాగుడు అలవాటు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడుగుతారు. మీ అన్నయ్యతో ఒక్కడితో మాట్లాడతారు, మీతో విడిగా మాట్లాడతారు. అవసరమైతే థైరాయిడ్, బీ12 పరీక్షలు రాస్తారు. మత్తు మాట కూడా చెబుతాను. కొన్ని నిద్రమాత్రలు ఎక్కువ కాలం వాడితే అలవాటవుతాయి, నిజమే. డిప్రెషన్ మందులు ఆ కోవలోవి కావు, పనిచేయడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఏదైనా మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ప్రైవేటులో అయితే బోర్డు మీద ఎండీ సైకియాట్రీ, డీపీఎం, డీఎన్‌బీ లాంటి డిగ్రీ చూడండి. ఫోన్‌లో ముందు మాట్లాడాలంటే 14416, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బులక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. పేషెంట్ వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉంది.

గోదారి_గట్టు:
చట్టం డాక్టరుకి ఉంది బాబూ, ఎదురుగా టీ కొట్టువాడికి ఉందా? అయినా తెనాలి అమ్మాయి రాసింది చదివాక ఒక మాట ఒప్పుకుంటాను. మావాళ్లు కూడా ఆ గొడవ తర్వాత మందులు ఆపించేశారు. కుర్రాడు ఇప్పటికీ గదిలోనే ఉంటాడు. మొదటిసారి హైదరాబాద్‌లో చూపించి, ఆ చీటీతో ఒంగోలులో కొనసాగిస్తే?

పీజీ_మూడో_ఏడు:
చేయొచ్చు. చీటీలు, రిపోర్టులు అన్నీ దాచి ఒంగోలు డాక్టరుకి చూపించాలి. కానీ హైదరాబాద్ అపాయింట్‌మెంట్ కోసమని ఇంకో నెల ఆగొద్దు. చచ్చిపోతానన్న మాట వచ్చినా, రెండు రోజులు అన్నం ముట్టకపోయినా ఏ ఊరన్నది చూడకండి, దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చీరాల_చెల్లి:
అందరికీ దండం. సంబంధం నాది కాబట్టి ఆ భయం నేనే పడతానని నాన్నతో చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. రేపు పొద్దున 14416కి ఆయన ఎదురుగానే స్పీకర్ పెట్టి చేస్తాను. ఒంగోలు రైలు టైములు అమ్మ అడిగింది.