“నెల నోటీసు” అని రాసుకున్నాం, ఆ నెల ఏ రోజు నుంచి లెక్క? ఒప్పంద పత్రం తిరగరాయాలి, సలహా ఇవ్వండి

మిల్లు బిడ్డ (మిర్యాలగూడ):

నమస్కారం అందరికీ. మాది ఉప్పుడు బియ్యం మిల్లు. నాన్నకు మోకాళ్ల నొప్పులు ఎక్కువై రెండేళ్లుగా లెక్కలు, కాగితాలు నేనే చూస్తున్నాను. ఈ యాసంగిలో రెండు దెబ్బలు తగిలాయి. రెండింటికీ కారణం మేం రాసుకున్న కాగితమే అనిపిస్తోంది.

మొదటిది బాయిలర్ ఆపరేటర్ సంగతి. ఆయన నియామక పత్రంలో ఉన్నది ఒకే లైను: “మానుకోవాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి.” మార్చి 19న ఉగాది పచ్చడి తినడానికి మిల్లుకు వచ్చినప్పుడు నాన్నతో “వచ్చే నెల నేను ఉండకపోవచ్చు సార్” అన్నాడట. నాన్న దాన్ని మామూలు మాటే అనుకున్నాడు, నాకు చెప్పలేదు. ఏప్రిల్ 19 దాకా పనిచేసి, 20న రాలేదు. బయట ట్రాక్టర్లు వడ్లతో బారులు తీరాయి, లోపల బాయిలర్ చల్లగా ఉంది. సర్టిఫికెట్ ఉన్న మనిషి ఆ సీజన్‌లో దొరకడం ఎంత కష్టమో మిల్లు నడిపేవాళ్లకు తెలుసు. నాలుగు రోజులు బాయిలర్ అంటుకోలేదు. కోపంలో ఆయన 19 రోజుల జీతం ఆపేశాను. ఆయనేమో “నెల ముందే చెప్పాను కదమ్మా” అంటాడు.

రెండోది రంగు బియ్యం ఏరే సార్టెక్స్ మిషన్. “ఆర్డర్ ఇచ్చిన 45 రోజుల్లో బిగించి ఇస్తాం” అని అమ్మినవాళ్లు రాసిచ్చారు. మేం అడ్వాన్సు కట్టిన రోజు నుంచి లెక్కేస్తే మూడు వారాలు ఆలస్యం. వాళ్లను అడిగితే “మీ షెడ్డులో గద్దె కట్టి, కంప్రెసర్ లైను ఇచ్చిన రోజు నుంచి లెక్క” అంటారు. మిషన్ దిగిన రోజు వాళ్లిచ్చిన కాగితం మీద చూసుకోకుండా సంతకం పెట్టేశాను.

వచ్చే వానాకాలం లోపు కాగితాలన్నీ మళ్లీ రాయించాలి. గడువు ఎట్లా రాస్తే ఇట్లాంటి గొడవ రాదు?

కోర్టు కాగితం (మహబూబ్‌నగర్):

అమ్మా, నేను 31 ఏళ్లు కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. నేను చూసిన ఒప్పందాల తగాదాల్లో ఎక్కువ భాగం గడువులో అంకె ఉండి, ఆ గడువు ఎప్పుడు మొదలవుతుందో లేనివే. 30, 45 అని అంకె అందరూ రాస్తారు. ఆ లెక్క ఏ పని జరిగిన రోజున మొదలవుతుందో రాయరు.

మీ ఆపరేటర్ సంగతే తీసుకోండి. చెప్పిన రోజును వదిలేసి మార్చి 20 నుంచి లెక్కిస్తే 30వ రోజు ఏప్రిల్ 18. “నెల” అంటే మాత్రం ఏప్రిల్ 19. ఒక్క రోజే తేడా, కానీ మీలాంటి చోట ఆ ఒక్క రోజుకే గొడవ పడతారు. కాబట్టి నెలల్లో కాదు, రోజుల్లో రాయండి. “నోటీసు అందిన మరుసటి రోజు నుంచి 30 రోజులు, ఆదివారాలు, పండగలు కలిపి” అని తెలుగులో విప్పి రాయండి. చివరి రోజు సెలవైతే ఏం చేయాలో కూడా ఒక ముక్క చేర్చండి. జనరల్ క్లాజెస్ చట్టం 1897లో మొదటి రోజును వదిలేయడం, ఆఖరి రోజు ఆఫీసు మూసి ఉంటే మరుసటి పనిదినానికి జరపడం ఉన్నాయి. అయితే అవి చట్టాలను చదవడానికి పెట్టిన సూత్రాలు. మీ ఇద్దరి మధ్య కాగితంలో మీరే రాసుకోవడం మేలు.

ఇక మిషన్ గురించి. కాంట్రాక్టు చట్టం 1872లో సెక్షన్ 55 ఒకసారి చదివించుకోండి. గడువే ముఖ్యం అనుకున్న ఒప్పందంలో అవతలివాళ్లు ఆలస్యం చేసినా మీరు సరుకు తీసుకోవచ్చు. కానీ తీసుకునేటప్పుడే “ఈ ఆలస్యానికి నష్టపరిహారం అడుగుతాను” అని తెలియజేయకపోతే తర్వాత అడిగే హక్కు ఉండదు. మీ ఒప్పందమూ అలాంటిదే అయితే, మీరు ఉత్త సంతకం పెట్టినప్పుడే ఆ హక్కు పోయింది. ఇకనుంచి డెలివరీ కాగితం మీద మీ చేత్తో “ఇన్ని రోజులు ఆలస్యం, పరిహారం హక్కు ఉంచుకుని తీసుకున్నాను” అని రాసి, ఫోటో తీసి పెట్టుకోండి. కొత్త ఒప్పందంలో “గడువు ఈ ఒప్పందంలో ముఖ్యాంశం” అని రాయడం మరవకండి. గద్దె ఎవరు కట్టాలి, కట్టాక ఎవరికి కబురు చేయాలి, వాళ్లు ఎన్ని రోజుల్లో వచ్చి చూడాలి, ఇవి కూడా ఉండాలి. గడువే రాయకపోతే సెక్షన్ 46 ప్రకారం “సమంజసమైన సమయం” అంటారు. అది ఎంతో తేల్చడానికే కేసు ఏళ్లు నడుస్తుంది.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఆ జీతం ఆపడం తప్పు. వేతనాల కోడ్ 2019 ఇప్పుడు అమల్లో ఉంది, 2025 నవంబరు 21 నుంచి. మనిషి మానేసినా, మాన్పించినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. నోటీసు తగాదా వేరు, చేసిన పనికి కూలి వేరు.

బి షిఫ్టు (జడ్చర్ల):

అక్కా, అటు పక్కన నిలబడినవాడిగా ఒక సంగతి చెబుతాను. నేను ఒక ఫార్మా కంపెనీలో చేశాను. నా ఆఫర్ లెటర్‌లో “రాజీనామా ఆమోదించిన తేదీ నుంచి రెండు నెలలు” అని ఉంది. చేరేటప్పుడు “ఆమోదించిన” అనే మాట నా కంట పడలేదు. నేను మెయిల్ పెట్టాక మా మేనేజర్ 17 రోజులు దాన్ని ముట్టలేదు. అడిగితే “చూద్దాం” అనేవాడు. కొత్త కంపెనీ ఇచ్చిన జాయినింగ్ తేదీ దాటిపోయింది, ఆ ఉద్యోగం పోయింది. ఇంట్లో అప్పుడే చెల్లె పెళ్లి. ఆ రెండు నెలల టెన్షన్ ఇప్పటికీ మరచిపోలేదు.

కాబట్టి మీ ఆపరేటర్ కాగితంలో లెక్క నోటీసు ఇచ్చిన రోజు నుంచే మొదలవ్వాలి, మీరు ఒప్పుకున్న రోజు నుంచి కాదు. “ఏడు రోజుల్లో మిల్లు జవాబు ఇవ్వకపోతే ఒప్పుకున్నట్టే” అని రాయండి. ఆయన మానుకోవడానికి ఎన్ని రోజులో, మీరు మాన్పించడానికీ అన్ని రోజులే పెట్టండి. ఆఖరి రోజు రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం ఇస్తామని కూడా చేర్చండి. ఆ కాగితం కోసం మనిషిని తిప్పుకుంటే ఎంత అవమానమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

దేవరకొండ తమ్ముడు:

మా అమ్మానాన్న మేస్త్రీ వెంట దూరం పనులకు పోయినవాళ్లే. వాళ్ల గడువులన్నీ పండగలతోనే. సంక్రాంతి తర్వాత పోయేది, ఉగాదికి వచ్చేది. అడ్వాన్సు తీసుకుని వేలిముద్ర వేసేవాళ్లు, అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదు. అందుకే మీ ఆపరేటర్ ఉగాది నాడు నోటితో చెప్పింది నాకైతే నోటీసులాగే వినిపిస్తోంది. మా దిక్కు పెద్దమనిషి ముందు చెప్పిన మాటకు అంత విలువ. నోటి మాట చెల్లదని అనుకుంటే ఆ ముక్క ముందే రాసి, తెలుగులో రాసి, సంతకం రోజున హమాలీలతో సహా అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి. నోటీసు రాయడం రానివాళ్లకు మీ గుమాస్తా రాసిపెట్టాలి, అందినట్టు చీటీ ఇవ్వాలి.

మిల్లు బిడ్డ:

సార్, అన్నా, తమ్ముడూ, అందరికీ చాలా థ్యాంక్స్. 19 రోజుల జీతం ఈ రోజు సాయంత్రం ఆయన ఖాతాలో వేశాను. ఫోన్ చేసి ఆలస్యానికి తప్పయిందని కూడా చెప్పాను. నాన్న పక్కనే ఉన్నాడు, “ఉగాది నాడు చెప్పింది నిజమే, నేనే మరిచిన” అని ఫోన్ తీసుకుని ఆయనే అన్నాడు.

కొత్త లైను ఇట్లా రాశాను: “ఉద్యోగి గానీ మిల్లు గానీ 30 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసును మిల్లు ఆఫీసులో ఇచ్చి తేదీ వేసిన చీటీ తీసుకోవాలి, లేదా కింద రాసిన వాట్సాప్ నంబర్‌కు పంపాలి. నోటితో చెప్పినది లెక్కలోకి రాదు. ఇచ్చిన మరుసటి రోజు మొదటి రోజు. ఏడు రోజుల్లో జవాబు లేకపోతే ఒప్పుకున్నట్టే. ఆఖరి పనిరోజు తర్వాత రెండు పనిదినాల్లో జీతం, అనుభవ పత్రం.”

వరికోతల నెలల్లో, అంటే ఏప్రిల్, మే, నవంబరు, డిసెంబరుల్లో 30 బదులు 45 రోజులు పెట్టాలని ఉంది. అది ఉద్యోగికి మరీ బరువవుతుందా? సార్, సందు ఎక్కడైనా కనిపిస్తే చెప్పండి. సోమవారం టైపింగ్‌కు ఇస్తాను.

కోర్టు కాగితం:

45 పెట్టుకోండి, కానీ మీకూ అదే 45 వర్తించాలి. “నోటీసు ఇచ్చిన రోజు ఆ నెలల్లో పడితే” అనా, “ఆఖరి పనిరోజు ఆ నెలల్లో పడితే” అనా, ఏదో ఒకటి స్పష్టంగా రాయండి. లేకపోతే మార్చి 19న ఇచ్చినవాడికి 30 రోజులా, 45 రోజులా అని మళ్లీ అదే గొడవ వస్తుంది.