బెల్లం కొట్టిన రాయి: ఇంతకీ ఏ రాయి?

అనంతపురం: పొద్దుటి నుంచి ఒక మాట సగం గుర్తొచ్చి సగం రాక సతాయిస్తోంది. మా ఆఫీసులో పక్క సెక్షన్ ఆయన్ను ఒక అంకె అడుగుతూ సోమవారం మెసేజి పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. మంగళవారం మళ్లీ పెట్టాను. గురువారం ఇద్దరం కలిసి టీ కూడా తాగాం, ఆ ఊసే ఎత్తలేదు. నా పనంతా ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోయింది. మా జేజి (నాయనమ్మ) ఇలాంటివాళ్లను "బెల్లం కొట్టిన రాయి" అని, వెంటనే ఈగల మీద ఇంకో ముక్క అనేది. ఆ రెండో ముక్క ఎవరికైనా తెలుసా?

కర్నూలు: అది వినలేదక్కా. కానీ ఆ రాయి కింది బండే. మా ఇంట్లో బేతంచెర్ల బండ మీద పెట్టి గుండ్రాయితో కొట్టేవాళ్లు. దెబ్బలన్నీ తిని కదలనిది బండ.

ప్రొద్దుటూరు: కాదన్నా, చేతిలోదే. "కూర తరిగిన కత్తి" అంటే కత్తితో తరిగినట్టే కదా.

కర్నూలు: "నేను కూర్చున్న కుర్చీ" అంటాం. కుర్చీతో కూర్చుంటామా?

కడప మాస్టారు: మా వైపు జనం నోట అది "బెల్లంగొట్టిన". బెల్లముఁ గొట్టిన, అంటే బెల్లమును కొట్టిన: ద్వితీయా విభక్తి చివర ద్రుతం (నకారం), దాని తర్వాతి "క" "గ"గా మారడం సరళాదేశం. బెల్లం కర్మ, అంటే దెబ్బ తిన్నది, అని ఆ గకారమే చెబుతోంది.

కదిరి: ఆ గకారం ఒక్కదానితో తేలదు మాస్టారూ. ప్రథమా విభక్తి, అంటే కర్త, తర్వాత వచ్చే క, చ, ట, త, ప లకూ గ, స, డ, ద, వ లు వస్తాయి, అదే గసడదవాదేశం, "వాడు గొట్టె" అన్నట్టు. బెల్లమే పోయి రాయిని కొట్టిందన్నా "గొ"నే వస్తుంది. నన్నడిగితే ఇది వేమన పద్యంలో ముక్క.

కడప మాస్టారు: బెల్లం పోయి రాయిని కొట్టడం ఎవరైనా చూశారా? ఇక వేమన అంటారా, ఆయన వాడే ఆటవెలది ఛందస్సులో ఏ పాదమైనా సూర్యగణంతోనే (న లేదా హ) మొదలవ్వాలి. "బెల్లము" భగణం, అది ఇంద్రగణం. తేటగీతి అనే ఇంకో ఛందస్సులో పాదం నడుమనైతే భ, భ, హ అని చక్కగా ఒదుగుతుంది.

కదిరి: పాదం మొదట్లోనే ఉండాలని ఎవరన్నారు? "బెల్లముఁ గొట్టిన" మొదటి పాదం చివర రెండు ఇంద్రగణాలు, "రాయి" రెండో పాదం ఎత్తుగడ. బ్రౌన్ దొర 1820లో మీ కడపకే వచ్చి తెలుగు నేర్చుకొని, 1829లో వేమనను అచ్చు వేయించాడు. అప్పటికే ఒక్కో పద్యానికి ఎన్ని పాఠాలు, అంటే వేర్వేరు రూపాలు! ఒకటి ఆయన చేతికి చిక్కకుండా పోయి ఉండదా? వేమన సమాధి ఉన్న కటారుపల్లె పక్కన పుట్టినవాణ్ణి, వేమన మాటల్లో రాయి ఎలా పలుకుతుందో నాకు చెవికే తెలుస్తుంది.

కడప మాస్టారు: పాఠాలు అన్ని ఉన్నందుకే జాగ్రత్త పడాలంటున్నాను. పదునైన మాట ఏది విన్నా వేమనకు కట్టేస్తే, ఆయన నిజంగా అన్నవి ఏవో మన పిల్లలకు తెలియకుండా పోతాయి.

ప్రొద్దుటూరు: అక్క పని ఆగిందన్న సంగతి మరిచిపోయారు. అక్కా, ఊరికే "గుర్తు చేస్తున్నా" అని పెడితే పలకరు. "శుక్రవారం 4 గంటలకు నేను పంపేయాలి, ఆలోగా అంకె రాకపోతే పోయిన నెలదే వేసి, ఎందుకో కింద రాస్తాను" అని పెట్టండి. మా దగ్గర అలాగే పలికించాను.

కర్నూలు: అది మంచి ఉపాయం. నేను మాత్రం బండ దగ్గరే ఉన్నాను. చిన్నప్పుడు దాని గంట్లలో ఇరుక్కున్న బెల్లం పొడిని వేలితో గీకి తినేవాళ్లం, మేం లేచేసరికి చీమలు వరుస కట్టేవి. గుండ్రాయిని ఎవరూ నాకలేదు. అంత తీపి ఒంటికి అంటుకున్నా ఉలకనిదేది?

అనంతపురం: ఆ మెసేజి ఇప్పుడే పెట్టాను, చూడాలి. అమ్మకు ఫోన్ చేశాను, ఈగల ముక్క ఆమెకూ గుర్తు లేదు. రాయి ఇంకా వంటింటి గోడ వారనే ఉందట. పైదా, కిందిదా అని అడిగితే, "మీ జేజి రెండింటినీ కలిపే రాయి అనేది" అంది.

కడప మాస్టారు: అమ్మగారు "కొట్టిన" అన్నారా, "గొట్టిన" అన్నారా? అదొక్కటి అడిగి చెప్పమ్మా.