ఇంట్లో కాచిన వావిలాకు బామ్: నాట్లు వేసేవాళ్ళకు పంచొచ్చా, మానేయాలా?

కాలువగట్టు (ఉయ్యూరు దగ్గర పల్లె):

కాలువకు నీళ్ళు వదిలి నాట్లు మొదలయ్యాయంటే మా ఇంట్లో ఒక పని తప్పదు. అత్తయ్య కాలువ గట్టు మీద వావిలాకు కోయించి, నువ్వుల నూనెలో కాచి, తేనెమైనం, కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్) కలిపి బామ్ చేస్తుంది. మా చేలో నాటు వేసే ఆడవాళ్ళకు తలా ఒక డబ్బా ఇస్తుంది. పొద్దున్నే మడిలోకి దిగినవాళ్ళు మధ్యాహ్నం దాకా వంగిన నడుము ఎత్తరు. రెండో రోజు లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఆ డబ్బా కోసం వాళ్ళు ఎదురు చూస్తారు.

ఈసారి అత్తయ్యకు చేతులు వణుకుతున్నాయని నేనే చేశాను. అరలీటరు నూనె, మైనం 90 గ్రాములు, హారతి కర్పూరం 100 గ్రాముల ప్యాకెట్ మొత్తం, పుదీనా పువ్వు 50 గ్రాములు. మర్నాడు ఒకామె వచ్చి మెడ చూపించింది. డబ్బా మూతంత మేర ఎర్రగా కందిపోయింది, తాకితే చురుక్కుమంటోందట. నా చేత్తో చేసినది కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా మరిది ఫార్మసీ చదివాడు. "వదినా, ఇక ఎవరికీ ఇవ్వొద్దు, దుకాణంలో కొన్నదే ఇవ్వండి" అంటాడు. అత్తయ్యేమో "నలభై ఏళ్ళుగా ఇస్తున్నాను, ఒక్కరికీ ఏమీ కాలేదు" అంటోంది. ఇప్పటికే పదకొండు డబ్బాలు పంచేశాను. ఇకముందు పంచాలా, మానాలా?

మందులషాపు (హనుమకొండ):

మీ మరిది చెప్పిందే సరైనది అమ్మా. 24 ఏళ్ళుగా మందుల షాపులో ఉన్నాను, ఇలాంటి చర్మాలు చాలా చూశాను.

ముందు లెక్క చూడండి. అరలీటరు నువ్వుల నూనె సుమారు 460 గ్రాములు తూగుతుంది. దానికి మైనం 90, కర్పూరం 100, పుదీనా పువ్వు 50 కలిపితే మొత్తం 700. అందులో కర్పూరం 100 అంటే 14 శాతం పైనే. నొప్పి బామ్‌లలో కర్పూరం 3 నుంచి 11 శాతం మధ్య ఉండాలి. చెమట పట్టిన మెడ మీద, ఎండలో, చీర కొంగు ఒరుసుకునే చోట రాసుకుంటే అది కందక ఏమవుతుంది?

రెండో సంగతి, మీరు వేసింది హారతి కర్పూరం. అది వెలిగించడానికి చేసిన సరుకు. ఎంత శుద్ధమైనదో, ఏం కలిసిందో ఆ ప్యాకెట్ మీద ఉండదు. మందుకు వాడే కర్పూరం వేరుగా దొరుకుతుంది.

మూడోది నన్ను అన్నిటికంటే భయపెట్టేది. ఆ డబ్బా ఎవరి ఇంటికి వెళుతోంది? గూట్లో పెడతారు, పాకే పిల్లాడు తీస్తాడు. ఒక గ్రాము కర్పూరం కడుపులోకి వెళ్ళినా పసిపిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. అలా జరిగితే వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి.

వావిలిచెట్టు (ఖమ్మం జిల్లా):

లెక్క తప్పిందంటే లెక్క సరిచేయండి, అంతేగాని తరతరాల వావిలాకు నూనెనే ఆపేయమనడం నాకు నచ్చలేదు. మా అమ్మ నాకు బాలింత స్నానం వావిలాకు కాచిన నీళ్ళతోనే చేయించింది. నేను నా కూతురికి చేయించాను. వీపు మీద ఆ వేడినీళ్ళు పడుతుంటే ఒళ్ళు ఎలా వదులవుతుందో అనుభవించిన వాళ్ళకు తెలుస్తుంది.

తైలం కాచడానికి మన పెద్దలు పెట్టిన కొలత గాలి కొలత కాదు. ఆకు ముద్ద 1 వంతు, నూనె 4 వంతులు, ఆకు రసం 16 వంతులు. అంటే అరలీటరు నూనెకు రెండు లీటర్ల రసం. ఇంత ఆకు రుబ్బలేక ఇప్పుడు చాలామంది నాలుగు రెబ్బలు నూనెలో వేయించి తైలం అంటున్నారు. సన్న మంట మీద ఒక పూటంతా పడుతుంది. మొదట బుడగలు పెద్దవిగా, పచ్చటి నురగతో లేస్తాయి. నీరు ఇగిరేకొద్దీ బుడగ చిన్నదవుతుంది, చప్పుడు మారుతుంది, వాసన పచ్చి ఆకు నుంచి కమ్మటి ఘాటుకు తిరుగుతుంది. అడుగున ఉన్న ముద్దను వేళ్ళతో నలిపితే వత్తిలా రావాలి. ఆ వత్తిని నిప్పులో పెడితే చిటపటమనకూడదు. చిటపటమందంటే నీరు మిగిలింది, ఆ నూనె నెల తిరక్కుండా బూజు పడుతుంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆయన మన కృష్ణా జిల్లా వారే. ఆ పసుపుపచ్చ బామ్ తెలుగిళ్ళలో ఎంత చనువైపోయిందో చెప్పక్కర్లేదు. మన మూలికల మీద, మన చేతి మీద మనకే ఇంత అపనమ్మకం ఎందుకు?

మందులషాపు:

పంతులుగారి మీద నాకూ అంతే గౌరవం ఉందమ్మా. కానీ ఆయన డబ్బా ప్రతిసారీ ఒకే కొలతతో వచ్చింది. నిన్న కొన్నదీ, రేపు కొనేదీ ఒకటే. అదే మన వంటింట్లో జరగడం లేదంటున్నాను. అత్తగారు చేసినప్పుడు ఒకటి, కోడలు చేసినప్పుడు ఇంకొకటి.

పరుగుదారి (హైదరాబాద్):

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది కాబట్టి ప్రతి ఏడూ ఈ నెలల్లో నా పిక్కలు, తొడలు పట్టేసే ఉంటాయి. ముఖ్యంగా దిగుడు దారిలో పరుగెత్తిన మర్నాడు మెట్లు దిగలేను. మా అమ్మ కూడా వావిలాకు నూనె కాచి పంపుతుంది. మీ గొడవ చదివాక నాకు తెలిసింది చెప్పాలనిపించింది.

అలవాటు లేని పని చేసిన కండరం నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ఎక్కువగా ఉంటుంది. తర్వాత దానంతట అదే తగ్గుతుంది, వారంలోపు పోతుంది. అందుకని రెండో రోజు రాత్రి ఏది రాసినా మూడో రోజుకు అదే పనిచేసినట్టు కనిపిస్తుంది. మా అమ్మతో ఈ మాట అంటే బాధపడింది. అందుకే పోయిన ఏడాది ఒక పని చేశాను. ఒక కాలికి వావిలాకు తైలం, ఇంకో కాలికి ఉత్త నువ్వుల నూనె. వాసనతో తెలిసిపోకుండా రెండింటిలోనూ కాస్త పుదీనా పువ్వు కలిపి, గుర్తు పెట్టిన సీసాలు మా తమ్ముడి చేతికిచ్చాను. ఏ కాలికి ఏది రాస్తున్నాడో నాకు చెప్పొద్దన్నాను. రెండు కాళ్ళకూ పదేసి నిమిషాలు మర్దన చేశాడు. అలా నాలుగు వారాలు. ఏ కాలికి ఏది రాశాడో నేను ఒక్కసారి కూడా నమ్మకంగా చెప్పలేకపోయాను. రెండూ ఒకేలా తగ్గాయి.

ఇది ఒక్క మనిషి అనుభవం, శాస్త్రం అనను. కానీ నాకు అర్థమైంది ఇది: పుదీనా పువ్వు చల్లదనాన్ని పట్టే నరాన్ని తడుతుంది, కర్పూరం వెచ్చదనాన్ని పట్టే నరాన్ని తడుతుంది. మన గుంటూరు మిరపకాయ ఘాటు కూడా ఆ వేడి నరం మీదే పనిచేస్తుంది. మెదడు ఆ కొత్త కబురు వినే పనిలో పడి పాత నొప్పిని కాసేపు పక్కన పెడుతుంది. కండరం లోపల ఏదీ కొత్తగా మానదు. మిగతాదంతా రాసే చెయ్యి చేసే పని. నాటు వేసిన ఆడవాళ్ళకు ఆ పది నిమిషాల మర్దన ఎవరు చేస్తారు? నాకైతే అసలు ప్రశ్న అదే.

వావిలిచెట్టు:

ఎవరు చేస్తారంటే, డబ్బా ఉంటే కూతురో కోడలో చేస్తుంది బాబూ. డబ్బా లేకపోతే ఎవరూ చేయరు. "కాస్త నడుముకు రాయవే" అని అడగడానికి ఒక వంక కావాలి ఆడదానికి. ఆ పని చేయడం మందు కాదా?

మీ పరీక్షను కాదనను. ఒకటి మాత్రం అడుగుతాను. మీది కండరం నొప్పి, నాలుగు రోజుల్లో పోయేది. ఏళ్ళ తరబడి మోకాళ్ళు పట్టేసిన వాళ్ళకు అదే జవాబు చెబుతుందా?

పరుగుదారి:

చెప్పదు. ఆ మాట ఒప్పుకుంటాను.

డల్లాస్ నుంచి:

ఇక్కడ అమెరికాలోనూ డాక్టర్ చీటీ లేకుండా అమ్మే బామ్‌లలో కర్పూరం 11 శాతం దాటకూడదు. రెండేళ్ళ లోపు పిల్లలకు రాయొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. నా బిడ్డకు ఇప్పుడు ఏడో నెల. మా అమ్మ ఇండియా నుంచి తెచ్చిన ఇంటి బామ్‌ను నేను మెడకు రాసుకుని, అదే చేత్తో బిడ్డను ఎత్తుకున్నాను. కాసేపటికి బిడ్డ కళ్ళు నులుముకుంటూ ఏడుపు. నా మెడ మీద ముఖం ఆనించి పడుకుంది కదా, నాకు తట్టలేదు. నీళ్ళతో కడిగి, డాక్టరుకు చూపించాం, ఏమీ కాలేదు. నాట్లకు వచ్చేవాళ్ళలో చంటిపిల్లల తల్లులు ఉంటారు. వాళ్ళకు తప్పకుండా విడిగా చెప్పండి.

మందులషాపు:

ఈ అమ్మాయి చెప్పింది అందరూ చదవాలి. ఇంకో రెండు కలుపుతున్నాను, ఎందుకంటే యూట్యూబ్ చూసి జనం వీటిని కూడా వేస్తున్నారు.

వింటర్‌గ్రీన్ నూనె (ఒక మొక్క ఆకుల నుంచి తీసే ఘాటు నూనె) ఇంట్లో కలపకండి. ఒక చెంచా, అంటే 5 మి.లీ.లో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానమైన మందు ఉంటుంది. ఇరవైకి పైగా మాత్రల బలం. గుండెకు రక్తం పలచబడే మందు వేసుకునేవాళ్ళకు చర్మం మీద రాసినా ప్రమాదమే. ఉమ్మెత్తాకు కూడా వేయొద్దు, దాని విషం చర్మం గుండా లోపలికి వెళుతుంది. జిల్లేడాకు కాపడం పెట్టేటప్పుడు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

బామ్ రాసిన చోట వేడి కాపడం పెట్టకూడదు. తెగిన చర్మం మీద, నాట్లలో నీటికి ఒరిసి పుండైన కాళ్ళ వేళ్ళ సందుల్లో అసలే రాయకూడదు.

కాలువగట్టు:

మీ అందరి మాటలూ అత్తయ్యకు చదివి వినిపించాను. ఆమె అంతా విని, "నువ్వు కర్పూరం ఎన్ని బిళ్ళలు వేశావే?" అంది. బిళ్ళలు కాదు అత్తయ్యా, ప్యాకెట్ మొత్తం వేశానన్నాను. ఆమె రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

ఆమె వేసేది అరలీటరు నూనెకు ఇరవై బిళ్ళలట. పుదీనా పువ్వు ఒక తులం. మా అత్తయ్య వేసే పనంతా చూశాను గాని, బిళ్ళలు లెక్కపెట్టడం ఎప్పుడూ చూడలేదు. ఆమె చెయ్యి వేసుకుంటూ పోతుంటే పిడికెడు వేస్తోందనుకున్నాను. వెంటనే మా ఆయన బంగారం తూచే చిన్న త్రాసు తెచ్చాడు. ఇరవై బిళ్ళలు 18 గ్రాములు తూగాయి. నూనె, మైనం, అన్నీ కలిపి లెక్క వేస్తే కర్పూరం 3 శాతం. ఆమె నలభై ఏళ్ళు ఎవరికీ ఏమీ కాకుండా ఇచ్చింది ఆ లెక్క మీదే. నేను పాడుచేసింది ఆ లెక్కనే. ఆమెకు సారీ చెప్పాను. మెడ కందినామెకు కూడా చెప్పాను.

ఇప్పుడు ఈ పదకొండు డబ్బాలను వెనక్కి తెచ్చి పలచన చేయొచ్చా? పారేయాలా?

వావిలిచెట్టు:

పారేయకండి. పాత బామ్‌ను పొయ్యి మీద పెట్టొద్దు, కర్పూరం ఆవిరై పోతుంది, మంట అంటుకుంటుంది కూడా. కొత్త నూనె, కొత్త మైనం విడిగా గిన్నెలో గిన్నె పెట్టి కరిగించండి. మైనం కరగడానికి 62 నుంచి 64 డిగ్రీల వేడి కావాలి, నీళ్ళ గిన్నె చాలు. పొయ్యి ఆర్పి, గిన్నె దించి, అంచున మైనం పేరుకోవడం మొదలయ్యాక పాత బామ్ ముద్దలు వేసి కలిపి మూత పెట్టండి. నూనె నాలుగైదు వంతులకు మైనం ఒక వంతు సరిపోతుంది. మీ వైపు మే నెల ఎండకైతే ఇంకొంచెం ఎక్కువ వేయాలి. మందులషాపు గారూ, లెక్క మీరు చెప్పండి.

మందులషాపు:

డబ్బాలన్నీ వెనక్కి వస్తే, లీటరు నూనె అంటే 920 గ్రాములు, మైనం 200 గ్రాములు చేర్చండి. మొత్తం 1820 అవుతుంది, కర్పూరం 5.5 శాతానికి దిగుతుంది. పుదీనా పువ్వు 3 లోపు వస్తుంది. చేసిన తేదీ రాయండి. ఏడాది దాటితే వాడొద్దు, వాసన చెడితే అంతకుముందే తీసేయండి.

లెక్క చెప్పానని ఒప్పుకున్నట్టు కాదు. నా అభిప్రాయం మారలేదు. మీ ఇంట్లో మీరు రాసుకోండి, అది మీ ఇష్టం. పంచడం వద్దనే అంటాను. డబ్బులు తీసుకుని అమ్మితే 1940 నాటి మందుల చట్టం కింద లైసెన్సు కావాలి. ఊరికే ఇచ్చినా బిడ్డ నోట్లో పెట్టుకునేది అదే బామ్ కదమ్మా.

కాలువగట్టు:

తొమ్మిది డబ్బాలు వెనక్కి తీసుకున్నాను. రెండు అప్పటికే అయిపోయాయి, ఆ ఇద్దరినీ వెళ్ళి చూసి వచ్చాను, బాగున్నారు. రెండు డబ్బాల సరుకు తగ్గింది కాబట్టి నూనె అంతే వేస్తే కర్పూరం ఇంకా తగ్గుతుందని, అలాగే చేశాను. నా మోచేతి లోపల రాసుకుని ఒక రోజు చూశాను. కందలేదు.

పంచుతున్నాను. మందులషాపు గారికి నా మీద కోపం రావచ్చు. డబ్బా మీద తేదీ, "పిల్లలకు అందనీయొద్దు, కళ్ళకు, పుండ్లకు తగలనీయొద్దు, రాశాక చేతులు కడుక్కోవాలి" అని రాశాను. చదవడం రానివాళ్ళకు గట్టు మీద నిలబెట్టి చెప్పాను. చంటిబిడ్డను చెట్టుకు కట్టిన చీర ఉయ్యాల్లో పడుకోబెట్టి నాటు వేస్తున్న ఇద్దరు తల్లులకు మాత్రం కర్పూరం, పుదీనా పువ్వు లేని ఉత్త వావిలాకు నూనె ఇచ్చాను.

మెడ కందినామె ఈ రోజు పనిలోకి వచ్చింది. ఆమె కూడా ఆ ఉత్త నూనే అడిగింది. మధ్యాహ్నం అన్నాల వేళ గట్టు మీద కూర్చోబెట్టి, మెడ వదిలేసి నడుముకు నేనే రాశాను.