అప్‌డేట్: లోకాంతం తేదీ మళ్లీ తప్పింది, సంఘంలో అడిగేశాను

"లోకాంతం అని మా చర్చి సంఘం చెప్పిన తేదీ రెండోసారీ తప్పింది, అనుమానపడటం పాపమా?" అని పోయిన నెల కళ్యాణదుర్గం నుంచి అడిగింది నేనే.

మీరు చెప్పినట్టే పాత సంగతులు చదివాను. 1844 అక్టోబర్ 22న క్రీస్తు వస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు ఎదురుచూశారు. కొందరు పంట కూడా కోయలేదట! హెరాల్డ్ క్యాంపింగ్ అనే అమెరికా రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, తప్పాక అక్టోబర్ 21 అన్నాడు. ఆయన 2012లో తప్పు ఒప్పుకున్నాడు. మా సంఘం పెద్దాయన అదీ లేదు, "లెక్క తప్పింది, వాక్యం తప్పలేదు" అంటాడు.

ఆదివారం లేచి అడిగాను, టెన్షన్‌తో గొంతు వణికింది. ఎవరూ పలకలేదు. ఇంటికొచ్చాక అమ్మ మెల్లగా, "ఆ తేదీ నమ్మే కదరా మీ నాయన ఈసారి శెనక్కాయ విత్తనం వేయలేదు" అంది.

పాటల కోసం ఇంకా వెళ్తున్నాను. సంఘానికిచ్చే దశమభాగం (ఆదాయంలో పదో వంతు) మాత్రం ఆపేశాను.