పాత సామాను పంచుకునే రోజు, రిపేరు బల్ల: నడిపినవాళ్లు చెప్పండి

అటకమీద:
మా కాలనీ సంఘంవాళ్లు ఒక ఆదివారం సామాను మార్పిడి పెడదామంటున్నారు. వాడనివి తెచ్చి పెట్టడం, కావలసినవాళ్లు ఊరికే తీసుకెళ్లడం. పాడైనవి బాగుచేసే బల్ల కూడా ఉండాలని ఒకాయన పట్టు. రెండూ ఒకే రోజు కుదురుతాయా?

కత్తెర:
కుదురుతాయండీ, కానీ రెంటికీ మధ్య దూరం ఉంచండి. మా దగ్గర రిపేరుకు తెచ్చిన ఇస్త్రీపెట్టెను ఎవరో ఊరికే ఇస్తున్నారనుకుని పట్టుకుపోయారు! అసలు తలనొప్పి మాత్రం మిగిలిపోయే సామానే. బట్టలు కుప్పలుగా వస్తాయి, సగం కూడా పోవు. తెచ్చినవాళ్లు అప్పటికి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. అందుకే మొదటి గంట తర్వాత కొత్తవి తీసుకోకండి. మిగిలినవి ఎవరు, ఏ బండిలో, ఎక్కడికి తీసుకెళ్తారో తేల్చుకున్నాకే తేదీ ప్రకటించండి. పరుపులు వద్దనండి, కుట్ల సందుల్లో నల్లులుంటే ఎవరికీ కనిపించవు. హెల్మెట్లూ వద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి బాగానే ఉంటుంది, లోపల పనికిరాదు.

సోల్డరింగ్:
రిపేరు బల్ల సంగతి నేను చెబుతాను. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్త్మా అనే ఆవిడ రిపేర్ కేఫ్ మొదలుపెట్టారు, అంటే పాడైన వస్తువులు తెచ్చి, పని తెలిసినవాళ్ల సాయంతో ఊరికే బాగుచేసుకునే చోటు. అందులో నాకు నచ్చింది ఒకటే: వస్తువు తెచ్చినవాళ్లు పక్కనే కూర్చుంటారు. ఇచ్చేసి వెళ్లి సాయంత్రం వచ్చి తీసుకెళ్లడం ఉండదు. మా దగ్గరా అదే నియమం. మనిషి పక్కనుంటే "ఇది కింద పడిందా?" అని అడగొచ్చు. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

వచ్చే వాటిలో చాలావరకు చిన్న లోపాలే. ప్లగ్గు దగ్గర వంగి వంగి లోపల తెగిన వైరు, ఇస్త్రీపెట్టెలో మాడిన థర్మల్ ఫ్యూజు, మిక్సీలో అరిగిన కార్బన్ బ్రష్షులు. ఫ్యాను నెమ్మదించిందంటే ముందు కెపాసిటర్ (చార్జి నిలవుంచే చిన్న భాగం) చూడండి. కరెంటు కొలిచే మల్టీమీటరు ఒకటి, సీరీస్ బల్బు (వస్తువుకు వెళ్లే కరెంటు దారిలోనే బిగించిన ఫిలమెంటు బల్బు) ఒకటి ఉండాల్సిందే. బాగుచేసినదాన్ని నేరుగా కరెంటులో పెట్టకుండా ముందు సీరీస్ బల్బు మీద పరీక్షిస్తే, లోపల షార్టుంటే బల్బు పూర్తిగా వెలిగి చెప్పేస్తుంది, ఫ్యూజు ఎగరదు. లోహపు బాడీకి కరెంటు తగులుతోందేమో చూడకుండా ఏదీ ఇంటికి పంపొద్దు.

మైక్రోవేవ్ మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపలి హైవోల్టేజీ కెపాసిటర్‌లో చార్జి నిలిచి ఉంటుంది, ప్రాణాలు తీయగలదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని బల్ల మీదకే రానివ్వొద్దు.

సందేహం:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఊరికే బాగుచేసి పెడితే రిపేరు షాపు నడుపుకునేవాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా?

సోల్డరింగ్:
మంచి ప్రశ్నే. మా బల్ల దగ్గరకొచ్చేవి ఎక్కువగా షాపువాళ్లు "దీనికి పెట్టే ఖర్చుతో కొత్తది వస్తుంది" అని తిప్పి పంపినవే. అయినా ఒక మెకానిక్‌ను మేమే పిలిచి ఆ రోజు కూలి ఇస్తాం. మావల్ల కానివి ఆయన షాపుకే వెళ్తాయి. మెకానిక్‌కు చెప్పకుండా పెట్టడం నాకైతే నచ్చదు.

నిచ్చెన:
ఇచ్చేయడం, బాగుచేయడం సరే, అరువు సంగతి కూడా ఆలోచించండి. డ్రిల్లు, పొడవాటి నిచ్చెన ఇంటికొకటి ఎందుకు? అమెరికాలో బర్క్లీ పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచీ పుస్తకాల్లాగే పనిముట్లూ అరువిస్తోంది. మేం ఒక బీరువాతో మొదలుపెట్టాం. డ్రిల్లు తిరిగొస్తుంది, బిట్లే రావు! ఇప్పుడు పెట్టె తెరిచి ఫొటో తీశాకే ఇస్తున్నాం, తిరిగి తెచ్చినప్పుడు ఆ ఫొటోతో సరిచూస్తాం. కరెంటు పనిముట్లు పెద్దవాళ్ల సంతకం మీదే.

అటకమీద:
అందరికీ థాంక్సండీ. బండి సంగతి మాకసలు తట్టలేదు. ఇంకో చిక్కు: మైక్రోవేవ్ తెస్తామని ఇప్పటికే ఇద్దరు పేరిచ్చారు. బాగుచేస్తుండగా వస్తువు ఇంకా పాడైతే ఎవరిది పూచీ?

సోల్డరింగ్:
ఆ ఇద్దరికీ ఈ రోజే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి, అక్కడిదాకా మోసుకొచ్చాక చెబితే కోపమొస్తుంది. పూచీకి మేం చీటీ రాయించుకుంటాం: వస్తువు, లోపం, "బాగుకాకపోయినా, ఇంకా పాడైనా అడగను" అని సంతకం. సంతకం పెట్టనివాళ్ల వస్తువు విప్పం.

కత్తెర:
ఆ చీటీలు పారేయకండి. ఏ లోపాలు ఎక్కువొస్తున్నాయో చూసుకుంటే, వచ్చేసారికి ఏ విడిభాగాలు కొని ఉంచాలో తెలుస్తుంది.