తుర్క్‌మెనిస్తాన్‌లో ఏడు రోజులు: దర్వాజా మంట కాకుండా ఏమేమి చూడవచ్చు?

ప్రశ్న (బాటసారి)

వచ్చే అక్టోబరులో నేనూ నా భార్యా తుర్క్‌మెనిస్తాన్ వెళ్ళాలని అనుకుంటున్నాము. మాకు దొరికిన సెలవు ఏడు రోజులు. ఆ దేశం గురించి ఎవరిని అడిగినా నడి ఎడారిలో మండుతున్న దర్వాజా బిలం ఫొటోలే చూపిస్తున్నారు తప్ప, మిగిలిన రోజులు ఎక్కడ గడపాలో చెప్పేవారు కనిపించడం లేదు. దేశంలో సింహభాగం కరకుం ఎడారే కాబట్టి ఇసుక చూడటానికి అంత దూరం పోవాలా అని ఇంట్లో పెద్దవాళ్ళు నవ్వుతున్నారు. నాకు చరిత్ర అంటే ఇష్టం. నా భార్యకు శిథిలాల దగ్గర ఓపిక తక్కువ. కొండలు, గుర్రాలు, సంతలు ఆమెకు నచ్చుతాయి. పైగా దర్వాజాలో మంటలు చాలావరకు తగ్గిపోయాయని ఈమధ్య విన్నాను. అది నిజమైతే అక్కడికి వెళ్ళడం దండగేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (ఎర్రమన్ను)

మంటలు తగ్గిన మాట నిజమే. ఆ మంటను ఆర్పే మార్గం వెతకమని 2022లో అప్పటి అధ్యక్షుడు గుర్బంగులీ బెర్దిముహమెదోవ్ ఆదేశించారు. బిలం చుట్టూ బావులు తవ్వి వాయువును పక్కదారి పట్టించడం వల్ల మంట మూడో వంతుకు తగ్గిందని 2025లో అక్కడి అధికారులే ప్రకటించారు. నేను 2019లో చూసినప్పుడు 70 మీటర్ల వెడల్పున్న ఆ గొయ్యి అంచుల వరకూ వేలాది నాలుకలతో రగులుతూ ఉండేది. గాలి మన వైపు తిరిగిందంటే ముఖం కమిలినట్టయి వెనక్కి ఉరకవలసి వచ్చేది. పది అడుగులు వెనక్కి వేస్తే ఎడారి రాత్రి చలికి పళ్ళు టకటకలాడేవి. ఆ దృశ్యాన్ని ఊహించుకుని వెళితే మీకు నిరాశ తప్పదు. అయినా నేను వెళ్ళమనే చెబుతాను, ఎందుకంటే రాజధాని అష్గాబాత్ నుంచి ఉత్తరంగా 260 కిలోమీటర్ల ఆ దారి, దారిలో కనిపించే మరో రెండు గోతులు (ఒకదానిలో నీరు, ఒకదానిలో బుడగలు వేసే బురద), రాత్రి గుడారంలో పడుకుని చూసే ఆకాశం, ఇవేవీ మంటతోపాటు తగ్గిపోలేదు. 1971లో సోవియట్ ఇంజనీర్లు వాయువుకు నిప్పంటించి, కొద్ది రోజుల్లో అదే ఆరిపోతుందని అనుకున్నారని గైడ్లందరూ చెబుతారు. దానికి కాగితం మీద ఆధారం బయటపడలేదు కాబట్టి కథగానే వినండి.

దర్వాజా వరకూ వెళ్ళి అక్కడి నుంచే వెనక్కి తిరిగి రావద్దు. అదే దారిలో మరో పూట ప్రయాణిస్తే కున్యా ఉర్గెంచ్ అనే పురాతన నగరం వస్తుంది. 60 మీటర్ల ఎత్తున నిలిచిన కుత్లుగ్ తెమూర్ మీనారు అక్కడ దూరం నుంచే కనిపిస్తుంది. తోరెబెగ్ హానిమ్ సమాధి మందిరంలోకి వెళ్ళి నడిమధ్యన నిలబడి తల పైకెత్తండి. గుమ్మటానికి దిగువన 24 కమానులు, వాటి కింద 12, ఇంకా కింద 4 కిటికీలు, గుమ్మటం లోపలి పలకల్లో 365 ఆకృతులు ఉన్నాయనీ, అవి గంటలకూ నెలలకూ వారాలకూ రోజులకూ గుర్తులనీ అక్కడివారు చెబుతారు. లెక్కపెట్టబోయి నేను మెడ నొప్పితో బయటకు వచ్చాను. దగ్గరలోని కిర్క్ మొల్లా దిబ్బ మీద నుంచి స్త్రీలు పడుకుని దొర్లుకుంటూ కిందికి వస్తుంటారు. సంతానం కోసం మొక్కుకునే ఆచారం అది. అక్కడ కెమెరా తీయకుండా ఉండటం మర్యాద. తిరుగు ప్రయాణానికి దాషోగుజ్ నుంచి అష్గాబాత్‌కు విమానం ఎక్కితే ఒక రోజంతా మిగులుతుంది.

సమాధానం (పచ్చి ఇటుక)

ఎర్రమన్ను గారు చెప్పినదంతా సరైనదే గానీ, చరిత్ర ఇష్టమన్న మనిషికి మారి పట్టణం దగ్గరున్న పురాతన నగరం మెర్వ్ పేరు చెప్పకపోవడం నాకు అన్యాయంగా తోచింది. ఏడు రోజుల్లో ఒకే ఒక్క చోటికి వెళ్ళే వీలుంటే నేను దర్వాజాను వదిలేసి మెర్వ్‌కే వెళతాను.

చాలా పురాతన నగరాల్లో ఒక కాలపు ఊరి మీద మరో కాలపు ఊరు లేస్తుంది కాబట్టి, అడుగున ఉన్నదాన్ని చూడాలంటే పైదాన్ని తవ్వాల్సిందే. మెర్వ్‌లో అలా జరగలేదు. ముర్గాబ్ నది పాయలతోపాటు నగరం పక్కకు పక్కకు జరుగుతూ వచ్చింది. అందువల్ల ప్రాచీన పర్షియాను ఏలిన అకెమెనిడ్‌ల కాలపు ఎర్క్ కలా (కలా అంటే కోట), గ్రీకుల కాలంలో వెలసిన గ్యావుర్ కలా, సెల్జుక్ తుర్కుల సుల్తాన్ కలా, తైమూరు వంశీయుల అబ్దుల్లా ఖాన్ కలా ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా పడి ఉన్నాయి. గ్యావుర్ కలా లోపలే బౌద్ధ స్తూపం ఆనవాళ్ళు కూడా ఉన్నాయి; బౌద్ధం పశ్చిమంగా అంత దూరం వెళ్ళిందని తెలిసి నేను కాసేపు ఆ దిబ్బ దగ్గరే కూర్చుండిపోయాను. 1999లో యునెస్కో ఈ మొత్తం ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సెల్జుక్ పాలకుడు సుల్తాన్ సంజర్ సమాధిని అందరూ చూపిస్తారు, అది చూడవలసినదే. మీరు మాత్రం ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్న వేళకు గ్రేట్ కిజ్ కలా దగ్గర ఉండేలా చూసుకోండి. దాని గోడలు చదునుగా ఉండవు. నిలువునా పేర్చిన లావుపాటి స్తంభాల వరుసలా, ముడతలు పెట్టిన రేకులా ఉంటాయి. మధ్యాహ్నం చూస్తే వట్టి మట్టి దిబ్బ అనిపించేది, ఉదయపు నీడలో ఒక్కో స్తంభం విడివిడిగా లేచి నిలబడుతుంది. నేల మీద కాలు పెట్టిన చోటల్లా కుండ పెంకులు నలిగిన చప్పుడు వినిపిస్తుంది. ఒకదానికి ఆకాశనీలం పూత ఇంకా చెక్కుచెదరలేదు. చేతిలోకి తీసుకుని చూసి అక్కడే పెట్టేశాను, మీరూ అలాగే చేయండి.

భూగోళ రచయిత యాకూత్ ఈ నగరంలో ఉన్న రోజుల్లో పది గ్రంథాలయాలు ఉండేవనీ, తన ఇంట్లో ఎప్పుడూ రెండు వందలకు తక్కువ కాకుండా అరువు తెచ్చిన పుస్తకాలు ఉండేవనీ రాసుకున్నాడు. మంగోలులు వస్తున్నారని తెలిసి ఆయన తరలిపోయాడు. 1221లో చెంగిజ్ ఖాన్ కొడుకు తొలుయ్ సైన్యం ఆ నగరాన్ని నేలమట్టం చేసింది. ఈ ఒక్క సంగతి తెలుసుకుని వెళితే ఆ ఖాళీ నేల మీద నడక వేరుగా ఉంటుంది.

ఇంకొక పూట ఉంటే మారి పట్టణానికి ఉత్తరాన ఇసుక బాటలో గోనుర్ దెపెకు వెళ్ళండి. అది నాలుగు వేల ఏళ్ళ నాటి కంచు యుగపు పట్టణం. విక్టర్ సరియానిది అనే పురావస్తు శాస్త్రవేత్త దశాబ్దాలపాటు అక్కడ తవ్వకాలు జరిపించారు. ఏనుగు బొమ్మా సింధు లిపీ ఉన్న ముద్ర ఒకటి ఆ తవ్వకాల్లోనే దొరికింది.

బాటసారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. మెర్వ్‌కు రెండు రోజులు కేటాయిస్తున్నాను. అయితే ఈ సమాధానాలు చదివిన నా భార్య, "మీరు కుండ పెంకులు ఏరుకుంటుంటే నేనేం చెయ్యాలి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఆమె కోసం ఎవరైనా ఒక మాట చెప్పండి.

సమాధానం (సంచారిణి)

మీ శ్రీమతి గారి పక్షాన నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే తగాదా.

ఆమెను యాంగికలా లోయకు తీసుకువెళ్ళండి. దేశానికి పశ్చిమాన బల్కనాబాద్ నుంచి జీపులో వెళ్ళాలి, దారి కుదుపుల దారి. పీఠభూమి అంచున నిలబడితే ఒకప్పటి సముద్రపు అడుగు గులాబీ, ఎరుపు, తెలుపు చారలుగా చీలిపోయి కంటికి అందినంత దూరం కనిపిస్తుంది. అంచున కంచె ఉండదు, గాలి తోస్తుంది, జాగ్రత్త. అక్కడికి రానూ పోనూ రెండు రోజులు పోతాయి కాబట్టి కున్యా ఉర్గెంచ్, యాంగికలా రెండింటిలో ఒకటి వదులుకోవాలి. నేనైతే మీనారునే వదులుకుంటాను. పశ్చిమానికి వెళ్ళే ఆ దారిలోనే బహార్లి దగ్గర కోవ్ ఆతా గుహ ఉంది. మెట్లు దిగి దిగి అరవై మీటర్ల లోతుకు చేరితే, గంధకం వాసన వేసే గోరువెచ్చని నీటి మడుగులో ఈత కొట్టవచ్చు. తల మీద గబ్బిలాలు ఎగురుతుంటాయి. ఆ వాసన ఈత దుస్తులను రెండు రోజులపాటు వదలదు, విడిగా ఒక సంచి పెట్టుకోండి.

గుర్రాల సంగతికి వస్తే, అఖల్ తెకె జాతి గుర్రాన్ని ఎండలో చూడాలి. దాని వెంట్రుకలకు లోహం లాంటి మెరుపు ఉంటుంది, బంగారు పూత పూసినట్టే అనిపిస్తుంది. అష్గాబాత్ చుట్టుపక్కల ఉన్న గుర్రపుశాలల్లో ముందుగా చెప్పిస్తే చూపిస్తారు. నగరానికి ఒక రోజు చాలు. 1948 అక్టోబరు భూకంపంలో నేలమట్టమైన ఊరు కాబట్టి పాతవి దాదాపు లేవు. ఇప్పుడున్నది తెల్ల పాలరాతి నగరం, ఆ పాలరాతి భవనాల సంఖ్యకు 2013లో గిన్నిస్ గుర్తింపు కూడా వచ్చింది. ప్రభుత్వ భవనాలను ఫొటో తీయవద్దు, పోలీసులు వెంటనే వారిస్తారు. ఊరి బయట నిసా కోట ఉంది. అక్కడ దొరికిన పార్థియన్ల (ప్రాచీన ఇరాన్ పాలకుల) దంతపు పానపాత్రలు జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. మీ ఆవిడకు ఓపిక లేకపోతే కోట మానేసి పాత్రలు మాత్రం చూడమనండి.

ఇక ఎడారి అంచున ఉండే అల్తిన్ అసిర్ సంత. నేను అక్కడ చిన్న తివాచీ ఒకటి కొన్నాను. కాగితాలేవీ అక్కర్లేదని అమ్మినామె ధీమాగా చెప్పింది, నేను నమ్మాను. విమానాశ్రయంలో అనుమతి పత్రం అడిగారు. తివాచీని గైడు చేతికి అప్పగించి ఉత్త చేతులతో విమానం ఎక్కాను. పాపం, ఆయన పత్రం తీయించి మూడు నెలల తరువాత వేరే యాత్రికుల చేతికిచ్చి పంపించాడు. కాబట్టి తివాచీని చివరి రోజున కొనకండి. పత్రం తీయించడానికి పనిదినం ఒకటి చేతిలో ఉంచుకోండి.

సమాధానం (ఎర్రమన్ను)

మీనారును వదులుకోమన్న సంచారిణి గారి మాటతో నేను ఏకీభవించలేను గానీ, గుర్రాల విషయంలో ఆమె చెప్పిందే నిజం. డబ్బు గురించి ఒక మాట: కార్డులను నమ్ముకోకుండా, మడతలు పడని కొత్త డాలరు నోట్లు తీసుకువెళ్ళండి. అధికారిక ధర డాలరుకు 3.5 మనాత్‌లు. నేను వెళ్ళినప్పుడు పర్యాటక వీసాకు అక్కడి ప్రయాణ సంస్థ ద్వారా వచ్చే ఆహ్వాన పత్రమూ, వెంట గైడూ తప్పనిసరి. ఆ పత్రం రావడానికి వారాలు పట్టింది, కాబట్టి అక్టోబరు ప్రయాణానికి వేసవిలోనే దరఖాస్తు పంపండి.