డోలనం, పౌనఃపున్యం: కాలం లేని చోట ఈ మాటలు నిలుస్తాయా?

ప్రశ్న:
కర్బన లోహాల మీద, అంటే లోహంలా విద్యుత్తును పోనిచ్చే కర్బన సమ్మేళనాల మీద, తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ పోతే వాటి అయస్కాంతీకరణ, విద్యున్నిరోధం లేచి పడుతుంటాయి. దీన్ని "క్వాంటం డోలనాలు" అన్నాను. చదివిన మిత్రుడు "ఇంతకీ ఏది ఊగుతోంది?" అని అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. "క్వాంటం ఊగిసలాట" అంటే తేలిగ్గా ఉంటుందా? ఇంకొకటి. ఈ లోహాల్లో ఒకటైన కప్పా రకం రాగి థయోసయనేట్ లవణం గురించి "పౌనఃపున్యం 600 టెస్లాలు" అని రాయాల్సి వచ్చింది. టెస్లా అయస్కాంత క్షేత్రానికి కొలమానం. హెర్ట్జ్‌లు లేని పౌనఃపున్యం చూడ్డానికే తప్పులా ఉంది.

జవాబు:
మీ మిత్రుడు అసలు చోటే పట్టుకున్నారండి. లోలకాన్ని ఒకసారి కదిపి వదిలేస్తే తనంతట తాను ఊగుతుంది. ఇక్కడ క్షేత్రాన్ని మారుస్తున్నంతసేపే మీటరు ముల్లు లేచి పడుతుంది. 10 టెస్లాల దగ్గర ఆపేశారనుకోండి, ముల్లూ అక్కడే ఆగిపోతుంది. గంట తర్వాత చూసినా అదే విలువ. ఊగే వస్తువంటూ ఏదీ లేదు. ఎగుడుదిగుడంతా క్షేత్రాన్ని బట్టి గీసిన వక్రరేఖలోనే ఉంది.

అలాగని ఊగిసలాట మాత్రం అనకండి. ఆ మాటలో ఎటూ తేల్చుకోలేకపోవడం ఉంది. ఇక్కడ సందిగ్ధమే లేదు. క్షేత్రంలో ఎలక్ట్రాన్ల శక్తి మెట్లు మెట్లుగా విడిపోతుంది, ఆ మెట్లనే లాండౌ స్థాయిలు అంటారు. క్షేత్రం పెరిగేకొద్దీ ఆ స్థాయిలు పైకి జరుగుతూ ఒక్కొక్కటే ఫెర్మి స్థాయిని, అంటే ఎలక్ట్రాన్లు నిండిన మేరకు పైహద్దుగా ఉండే శక్తిని, దాటిపోతాయి. ఒకటి దాటినప్పుడల్లా ఒక ఎత్తు, ఒక పల్లం. 1930లో లైడెన్‌లో డి హాస్, వాన్ ఆల్ఫెన్‌లు బిస్మత్ అయస్కాంతీకరణలో దీన్ని చూశారు. అదే ఏడు అదే బిస్మత్ నిరోధంలో షుబ్నికోవ్, డి హాస్‌లు చూశారు.

డోలనంలోనూ డోల ఉంది, అంటే ఉయ్యాలే. అయినా ఆ మాటే ఉంచమంటాను. ఎందుకో మీ 600 టెస్లాలతోనే చూద్దాం. 10 టెస్లాల దగ్గర ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య ఎడం సుమారు 0.17 టెస్లా. 20 దగ్గరికి వచ్చేసరికి అదే ఎడం సుమారు 0.69. కుడివైపు పోయేకొద్దీ శిఖరాలు దూరం జరుగుతున్నాయి. ఇది ఉయ్యాల లక్షణం కాదు కదా. ఇప్పుడు అడ్డగీత మీద క్షేత్రం బదులు దాని వ్యుత్క్రమాన్ని, అంటే ఒకటిని క్షేత్రంతో భాగిస్తే వచ్చేదాన్ని, వేసి మళ్ళీ గీయండి. శిఖరాలన్నీ సమదూరంలోకి వచ్చి కూర్చుంటాయి, ప్రతి ఎడమూ 600లో ఒకటో వంతు. డోలనం అనిపించుకునే అర్హత ఆ రెండో గీతలో ఉంది. మీ వ్యాసంలో ఆ రెండు గీతలూ పక్కపక్కన వేస్తే మిత్రుడి ప్రశ్నకు వేరే జవాబు అక్కర్లేదు.

ఇక పౌనఃపున్యం. ఈ మాటంటే నాకు చాలా ఇష్టం. పునః పునః, అంటే మళ్ళీ మళ్ళీ. ఆ మళ్ళీ మళ్ళీ రావడమే పౌనఃపున్యం. సంస్కృత వ్యాకరణంలో ఒక పనిని పదే పదే చేయడాన్ని తెలిపే క్రియారూపాలను వివరించేటప్పుడు కూడా ఈ మాటే వాడతారు. సెకనుకు ఎన్నిసార్లు అన్నది భౌతికశాస్త్ర పాఠాల్లో దానికి మనం తగిలించుకున్న అర్థం. మాటలో గడియారం లేదు. వ్యుత్క్రమ క్షేత్రం ఒక ప్రమాణం మేర మారితే ఎన్నిసార్లు తిరిగొచ్చిందో లెక్కిస్తే జవాబు టెస్లాల్లోనే వస్తుంది. కాబట్టి మీ వాక్యం తప్పు కాదు, నిశ్చింతగా ఉంచండి. పైగా ఆ అంకె ఒక వైశాల్యానికి కొలత. ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాల పటంలో నిండిన భాగానికి హద్దును ఫెర్మి ఉపరితలం అంటారు. పౌనఃపున్యం ఆ ఉపరితలపు అడ్డకోత వైశాల్యానికి అనుపాతంలో ఉంటుందని శాస్త్రవేత్త ఆన్సాగర్ 1952లో చూపించాడు. ఆ పటంలో స్ఫటికానికి మూల గడి లాంటిది బ్రిలువా మండలం. 600 టెస్లాలంటే ఈ లవణంలో ఆ మండలపు వైశాల్యంలో సుమారు 15 శాతం.

జాగ్రత్త పడాల్సింది "ఆవర్తన కాలం" దగ్గర. అందులో కాలం ఉంది. "ఆవర్తన అంతరం" అనండి.

కర్బన లోహం అన్నందుకు సంతోషం. సేంద్రియ అనగానే చాలామందికి ఎరువే గుర్తొస్తుంది.

మరొక సభ్యురాలు:
ఆటుపోట్లు అనకూడదా అండీ? అచ్చ తెలుగు, లేచి పడటం అందులోనే ఉంది.

జవాబు:
వివరించేటప్పుడు ఒకసారి వాడితే అందంగా ఉంటుందమ్మా. పారిభాషిక పదంగా వద్దంటాను. జీవితంలో ఆటుపోట్లు అన్న వాడుక బాగా బలపడిపోయింది, వినగానే కష్టాలు, క్రమం లేకపోవడం స్ఫురిస్తాయి. సముద్రం అర్థంలో తీసుకున్నా అది గడియారంతో నడిచేదే.

ప్రశ్న అడిగినవారు:
బాగా అర్థమైంది. అయితే ఇంకో చిక్కు. బీటా రకం ఐబీఆర్‌2 (IBr₂) లవణమనే మరో కర్బన లోహం నిరోధంలో మామూలు డోలనాలతో పాటు చాలా తక్కువ పౌనఃపున్యంతో మరో రకం కనిపిస్తాయి. వాటిని "మంద డోలనాలు" అని రాశాను. ఇదీ తప్పేనా?

జవాబు:
మంద అంటే నెమ్మది, అంటే మళ్ళీ వేగం, వేగమంటే మళ్ళీ కాలం. "విరళ డోలనాలు" అంటే ఎలా ఉంటుంది? శిఖరాలు పలచగా, ఎడమెడంగా ఉన్నాయన్నదే కదా చెప్పాలి. అవి ఎలా పుడతాయో కూడా రాయండి. ఈ లవణాల స్ఫటికాలు పొరలు పొరలుగా ఉంటాయి. ఎలక్ట్రాన్లు పొర నుంచి పొరకు కొద్దిగానైనా దూకుతుంటాయి కాబట్టి ఫెర్మి ఉపరితలం నున్నని స్తంభంలా కాక, ఒకచోట మెడ నొక్కుకుని ఒకచోట పొట్ట ఉబ్బి ఉంటుంది. మెడకో వైశాల్యం, పొట్టకో వైశాల్యం. దగ్గరదగ్గరగా ఉన్న ఆ రెండు పౌనఃపున్యాలు కలిస్తే విస్పందనాలు వస్తాయి, అంటే డోలనాల ఎత్తే క్రమంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. వాటి తేడాలోంచే నిరోధంలో ఈ విరళమైనవీ వస్తాయి. ఉష్ణోగ్రత కాస్త పెరిగి మామూలు డోలనాలు అణగిపోయాక కూడా ఇవి మిగిలే ఉంటాయి. మెడ, పొట్ట అన్న మాటలు అలాగే ఉంచండి, సంస్కృతంలోకి మార్చకండి.

ప్రశ్న అడిగినవారు:
మార్చిన వాక్యం ఇది: "క్షేత్రపు వ్యుత్క్రమం సమాన అంతరాల్లో మారినప్పుడల్లా నిరోధం మళ్ళీ శిఖరానికి చేరుతుంది. ఈ డోలనాల పౌనఃపున్యం 600 టెస్లాలు."

జవాబు:
"మారినప్పుడల్లా" తీసేయండి, అందులో సమయం తొంగి చూస్తోంది. "క్షేత్రపు వ్యుత్క్రమం మీద సమాన అంతరాల్లో నిరోధపు శిఖరాలు ఉంటాయి" అనండి.